బీడీ మానేసిన మనిషికి బెంచీ మీద చోటు

దుబాయిలో కొన్నాళ్లు డ్రైవరుగా పనిచేసి వచ్చిన నాగర్‌కర్నూల్ మిత్రుడొకరు అక్కడి వేప్ దుకాణాల గురించి, అంటే ఎలక్ట్రానిక్ సిగరెట్ల కొట్ల గురించి చెప్పాడు. అద్దాల బీరువాలు, మెత్తటి సోఫాలు, పుచ్చకాయ వాసన నుంచి కాఫీ వాసన దాకా రకరకాల పొగలు. వచ్చినవాళ్లు కొనుక్కుని వెళ్లిపోరట, గంటల తరబడి కూర్చుంటారట. మన దేశంలో ఆ సరుకు అమ్మడమే నిషేధం. కానీ పొగ పేరు చెప్పి జనం కూర్చునే చోటు మనకు మాత్రం లేదా? ప్రతి బస్టాండు ముందూ పాన్ డబ్బా ఉంది. నేను పొగ తాగను గానీ కబుర్లంటే చెవి కోసుకుంటాను. అందుకే నాగర్‌కర్నూల్ నుంచి వనపర్తి మీదుగా గద్వాల దాకా, డబ్బాలు చూసుకుంటూ వెళ్దామని పొద్దున్నే పల్లెవెలుగు ఎక్కాను. దిగుతూ ఎక్కుతూ వెళ్లినా బస్సు ఖర్చు రెండు వందలు దాటదు. ఆడవాళ్లకు అదీ లేదు.

నాగర్‌కర్నూల్ డబ్బా దగ్గర ఉప్పునుంతల వైపు రైతులు పత్తి ధర మాట్లాడుకుంటూ కాలుస్తున్నారు. ధర తగ్గిన కొద్దీ పొగ పెరుగుతుందని నాకు అనిపించింది. వనపర్తికి తొమ్మిదిన్నర ప్రాంతంలో చేరాను. అక్కడ కాలేజీ కుర్రాళ్లు సిగరెట్టు కొని డబ్బా వెనక్కి పోతున్నారు. ఎందుకని అడిగితే అమ్మే మనిషి నవ్వాడు.

“ముంగట నిలవడేటోళ్లు అయ్యలు సార్, ఎనకకు పోయేటోళ్లు కొడుకులు. ఇద్దరికీ నేనే అమ్ముత. ఒకల ముచ్చట ఇంకొకలకు చెప్ప.”

అక్కడి నుంచి కొత్తకోట, ఆత్మకూరు మీదుగా అమరచింత చేరేసరికి మధ్యాహ్నమైంది. గద్వాల బస్సు ఆలస్యమని తెలిసి అక్కడ నర్సమ్మ అనే ఆవిడ నడిపే పాన్ డబ్బా ముందు బెంచీ మీద కూలబడ్డాను. డబ్బా పక్కన వేలాడే కొబ్బరి తాడు కొస ఎప్పుడూ రగులుతూ ఉంటుంది, అందరూ దానికే బీడీ అంటించుకుంటారు. అంటించుకున్నవాడికే బెంచీ, అదే అక్కడి కట్టుబాటు. ముసలివాణ్ని, ప్రయాణికుణ్ని కనుక నన్ను క్షమించారు.

క్షమాపణ దొరకనివాడు భీమన్న. మగ్గం నేసే మనిషి. ఛాతీలో ఈల వేస్తుంటే వనపర్తి దవాఖానలో చూపించుకున్నాడు. బీడీ ముట్టొద్దన్నారు. మానేశాడు. ఆనాటి నుంచి బెంచీ పక్కన నిలబడే ఉంటున్నాడు.

ఇంతలో బెంగళూరులో కట్టడం పనికి పోయి సెలవుకు వచ్చిన తిప్పన్న జేబులోంచి పెన్నులాంటి వేప్ ఒకటి తీశాడు.

“మామా, నీ కోసమే తెచ్చిన. ఇది బీడీ గాదు, ఉత్త ఆవిరి. దగ్గొస్తె దుప్పటి కప్పుకొని పసుపునీళ్ల ఆవిరి పట్టమా? గదే ఇది. ఛాతీకి మంచిది.”

బెంచీ మీదివాళ్లంతా అవునన్నారు. భీమన్న దాన్ని ఆశగా అందుకుని మూతి దాకా తెచ్చాడు. మామిడిపండు వాసన గుప్పుమంది. అందులోనూ నికోటిన్ ఉంటుందని చెప్పడానికి నేను నోరు తెరిచేలోపే నర్సమ్మ లోపలి నుంచి తల బయటపెట్టింది.

“తిప్పిగా, నువ్వు గూడ గిట్లాంటిదే గుంజుతున్నవ్‌గదా, మరి నీ బీడీ బందైందా?”

“లేదత్తా... రెండూ నడుస్తున్నయ్.”

“ఒకటి మానుమంటె రెండోది అంటిచ్చుకున్నవ్. గిదేం మందురా?”

అందరూ నవ్వారు, భీమన్న తప్ప. పెన్ను తిరిగిచ్చేశాడు.

“బీడీ కోసం గాదక్కా. పొద్దంత మగ్గం గుంతల కూసుంట. మనుషులతోని మాట్లాడేది ఈడనే. చేతుల పొగ లేకుంటె నన్ను తనిఖీకొచ్చిన ఆఫీసరును జూసినట్లు జూస్తుండ్రు.”

నర్సమ్మ డబ్బా దిగి తాడు విప్పి, రోడ్డు దాటి, అవతలి కరెంటు స్తంభానికి కట్టి వచ్చింది.

“తాగేటోళ్లు ఆడ తాగుండ్రి. బెంచీ కూసునేటోళ్లకు. తమ్మీ, కూసో.”

తక్కినవాళ్లంతా తాడు వెంట రోడ్డు దాటితే, కాసేపు బెంచీ మీద భీమన్న, నేను ఇద్దరమే మిగిలాం. ఎండలో నిలబడ్డ తిప్పన్న బెంగళూరు ముచ్చటేదో కేకేసి చెప్పబోతే వడ్ల లారీ అడ్డమొచ్చింది.

“ఏందిరా? ఇనొస్తలేదు!” అని భీమన్న అరిచాడు. తిప్పన్న సగం బీడీ నలిపేసి, ముచ్చట పూర్తి చేయడానికి ఇవతలికి వచ్చేశాడు. భీమన్న జరిగి చోటిచ్చాడు.

జూరాల డ్యాం మీదుగా, ధరూర్ దాటి గద్వాల వెళ్తూ ఆలోచించాను. భీమన్న మళ్లీ బీడీ ముట్టడని నేను పూచీ పడలేను. దుబాయి సోఫా అయినా అమరచింత చెక్కబల్ల అయినా, సగం మంది పొగ కోసం రారు. పక్కన ఎవరైనా కూర్చుంటారని వస్తారు. ఆ సంగతి అమ్మేవాళ్లకు తెలుసు, నర్సమ్మ దాన్ని తన బేరానికే వ్యతిరేకంగా వాడింది.

ఆ దారిన వెళ్లే పొగరాయుళ్లకు ఒక్క సూచన: అమరచింతలో నిప్పు రోడ్డు అవతల ఉంది, అక్కడ నీడ లేదు. గొడుగు పట్టుకెళ్లండి.