సారు మోసిన తప్పు

మాధవరావు సారు పరమపదించారన్న వార్త సోమవారం మధ్యాహ్నం ఆదిలాబాద్‌లో మా కాలేజీకి చేరింది. మొదటి సంవత్సరం బి.ఎస్సీ. పిల్లలకు పాఠం చెబుతున్నాను. అటెండరు తలుపు దగ్గర నిలబడి, "మేడం, పెద్దసారు పోయిండట" అన్నాడు. సరేనని తల ఊపి, బోర్డు మీద సగంలో ఉన్న లెక్క పూర్తి చేశాను. జవాబు సరిగ్గానే వచ్చింది. కంట నీరు మాత్రం రాలేదు. ఈవేళ్టికి ఐదు రోజులు, ఇంకా రాలేదు. గురువు పోతే ఏడవని శిష్యురాలికి సంస్మరణ వ్యాసం ఎందుకని అడగవచ్చు. ఆయనకు చెప్పవలసిన మాట ఒకటి ఇరవై ఏళ్ళుగా నా దగ్గరే ఉండిపోయింది. అందుకే రాస్తున్నాను.

హుస్నాబాద్ వైపు భూస్వామి ఇంట పుట్టి, ఆస్తిని అన్నదమ్ములకు వదిలి, గణితబోధనకే జీవితాన్ని అంకితం చేసిన నిరాడంబరుడు ఆయన. మా శాఖలో పెద్దవారు చివరి సంవత్సరం తరగతులు తీసుకోవడం ఆనవాయితీ. ఆయన మాత్రం మొదటి సంవత్సరమే అడిగి తీసుకునేవారు. చివరేడు పిల్లలకు తన అక్కర లేదని, మొదటేడు పిల్లలకే భయం ఎక్కువని అనేవారు.

బోర్డు మీద తప్పు చేస్తే తుడవనిచ్చేవారు కాదు. దాని మీద ఒక్క అడ్డగీత కొట్టి, పక్కన ఒప్పు రాయాలి. తొందరపడి నేను డస్టర్ అందుకుంటే చెయ్యి అడ్డం పెట్టేవారు. "తుడిస్తే యాడ తప్పినవో రేపు నీకే తెల్వది బిడ్డా" అనేవారు.

జూన్‌లో ప్రవేశాల బల్ల ముందు తానే కూర్చునేవారు. మార్కుల కాగితం కన్నా సుద్దముక్కను నమ్మిన మనిషి. వచ్చినవాళ్ళకు ఒక లెక్క ఇచ్చి, అది చేస్తే దరఖాస్తు మీద సంతకం పెట్టేవారు. డెబ్బైలలో ఒక జూన్‌లో నేనూ ఆ బల్ల ముందు నిలబడ్డాను. మాది బోథ్ దగ్గరి క్రైస్తవ కుటుంబం. బాపు ఆదిలాబాద్‌లో జిన్నింగు మిల్లు కూలి. ఇంటర్‌లో నాది బైపీసీ. లెక్కలు మా అన్న పుస్తకాల్లో చూసి నేర్చుకున్నాను. అయితే లెక్కలతో డిగ్రీ చేయాలంటే ఇంటర్‌లో లెక్కలు పాసై ఉండాలి. ఆ నియమం ఆ పొద్దున్నే ఆఫీసు గుమాస్తా నాకు చదివి వినిపించి, ఇంటికి పొమ్మన్నాడు. నేను పోలేదు. వరసలో నిలబడ్డాను. సారు ఇచ్చిన లెక్క చేశాను. "మస్తు చేసినవ్" అని ఆయన సంబరంగా సంతకం పెట్టారు. ఏ గ్రూపు అని అడగలేదు. నేను కుక్కిన పేనులా ఊరుకున్నాను. తర్వాత వచ్చిన నా మార్కుల మెమో ఫైల్లో పడింది. మూడేళ్ళు దాని మొహం ఎవరూ చూడలేదు.

చివరి పరీక్షలయ్యాక విశ్వవిద్యాలయం చూసింది. నా పట్టా ఆపేసింది. ఆ సాయంత్రమే సారు మా ఇంటికి వచ్చారు. బాపు అప్పుడే మిల్లు నుంచి వచ్చాడు, తలనిండా దూది. కుర్చీ వేస్తే సారు కూర్చోలేదు.

"తప్పు నాది, పిల్లది కాదు. నియమం చూడకుంట దస్కతు పెట్టిన" అన్నారు.

దొరల ఇంటి మనిషి తన వాకిట్లో నిలబడి తప్పు ఒప్పుకోవడం బాపు జన్మలో చూడలేదు. "గంత మాట అనకుండ్రి సారూ" అని చేతులు పట్టుకున్నాడు. నేను తలుపు పక్కనే ఉన్నాను. నోరు విప్పితే పట్టా పోతుంది. సిగ్గు లేకుండా ఆ లెక్క వేసుకున్నాను.

సారు హైదరాబాద్ వెళ్ళి, తప్పంతా తనదేనని రాసిచ్చారు. ఇంటర్ లెక్కల పేపర్లు పాసైతే పట్టా ఇస్తామన్నారు. వాటిని ఆయనే దగ్గర కూర్చోబెట్టి చెప్పారు. పదహారేళ్ళ పిల్లల మధ్య కూర్చుని రాశాను. నాకు పోయింది ఒక్క ఏడాది. ఆయన సర్వీసు పుస్తకంలో మందలింపు ఎక్కింది, శాఖాధ్యక్ష పదవి ఆయన కన్నా చిన్నవారికి పోయింది. ఫికర్ లేదని నవ్వేవారు. ఆ నవ్వు చూడలేక నేను తల దించుకునేదాన్ని.

మరుసటి జూన్‌లో ఆయన 'సున్నా తరగతి' మొదలుపెట్టారు. టైంటేబుల్‌లో లేదు, జీతంలో లేదు. ఇంటర్‌లో లెక్కలు లేనివాళ్ళకు, లెక్కలంటే దడుచుకునేవాళ్ళకు డిగ్రీ పాఠాల కన్నా ముందు ఆరు వారాల పాఠం. లెక్కలు లేనివాళ్ళ చేత ముందు ఆ ఇంటర్ పేపర్లు రాయించి, ఆ తర్వాతే డిగ్రీలో చేర్పించేవారు. మొదటి రోజు మొదటి మాటగా తన తప్పు చెప్పేవారు. నా పేరు చెప్పేవారు కాదు. నేను అదే కాలేజీలో ఉద్యోగంలో చేరాక, ఏటా వెనక బెంచీ మీద కూర్చుని ఆ కథ విన్నాను. ఆదివారం ప్రార్థనలో దేవుడికి అంతా చెప్పుకున్నాను. దేవుడికి చెప్పడం సులువు, ఆయనకు ముందే తెలుసు.

పోయిన నెల చెప్పి తీరాలనే సారు ఇంటికి వెళ్ళాను. మంచం మీద ఉన్నారు. ఆయన చెల్లెలి కొడుకు పక్కన కూర్చున్నాడు. నేను మొదలుపెట్టేలోగా సారే అతనితో అన్నారు: "గీ బిడ్డ కాడ్నే నేను తప్పు చేసింది. గా తప్పుతోనే మంచి మాస్టర్నయిన."

ఆ తర్వాత నాకు నోరు రాలేదు. దయతో ఊరుకున్నానని చెప్పుకోను. భయమే. టీ తాగి, మళ్ళీ వస్తానని చెప్పి లేచాను.

నిన్న సంతాపసభలో ప్రిన్సిపాల్ ఆ కథే చెప్పారు. అందరి కళ్ళూ చెమర్చాయి. ఆ మహనీయుని స్థానం భర్తీ చేయగలవారు లేరన్నారు. నిజమే, లేరు. అందరితో పాటు నేనూ రెండు నిమిషాలు లేచి నిలబడ్డాను.

వచ్చే జూన్‌లో సున్నా తరగతి నేనే చెప్పాలి. మొదటి రోజు మొదటి మాట ఆయనదే బోర్డు మీద రాస్తాను: తప్పు నాది, పిల్లది కాదు. దాని మీద అడ్డగీత కొట్టి, పక్కన ఒప్పు రాస్తాను. పిల్లలకన్నా ముందు ఇక్కడ రాస్తున్నాను, దిద్దడానికి ఆయన లేకపోయినా.

ఆ పిల్లను నేనే. నాకు నియమం తెలుసు, సార్.