రెండో ట్రాకులో బాబాయి

బాబాయి పోయాడన్న కబురు ఆదివారం పొద్దున మా చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో వచ్చింది. "మన సహోదరుడు ప్రభువునందు నిద్రించారు" అని రాసి, కింద ఆయన పాత పాస్‌పోర్టు ఫోటో పెట్టారు. ఆరాధనకి తయారై, బూట్లు తొడుక్కోవడానికి మంచం మీద కూర్చున్నవాడు అలాగే పక్కకి ఒరిగిపోయాడట. చదవగానే నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. ఎందుకో మీకు ముందే చెప్పేస్తాను, దాచుకుంటే ఈ నాలుగు మాటలూ రాయలేను. ఆయన ఆయాసాన్ని నెలల తరబడి హెడ్‌ఫోన్లలో విన్నది నేనొక్కదాన్నే. విని, రొద అని తీసేసిందీ నేనే.

ఆయన నాకు సొంత బాబాయి కాదు, ఆస్టినాబాద్‌లో మా పక్కింటాయన. పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల తెలుగు సంఘాల్లో పెళ్ళిళ్ళు, బాప్తిస్మాలు, భూస్థాపనలు వీడియో తీసేవాడు. తీసి తెచ్చినదాన్ని నేను ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని కత్తిరించి, అతికించి ఇచ్చేదాన్ని. జనం మధ్య కెమెరా పట్టుకుని నిలబడాలంటే నాకు వణుకు. భూమి కాస్త కదిలితే చాలు, మా వీధిలో అందరికన్నా ముందు బయటికి పరిగెత్తేది నేనే. అది చూసి ఆయన నవ్వేవాడు కాదు. "నువ్వు కూకో అమ్మాయీ, తిరిగేది నేను తిరుగుతాను" అనేవాడు.

పాత కెమెరా లెన్సుకి బూజు పట్టినప్పుడు, కొత్తది కొనడానికి నన్నూ దుకాణానికి తీసుకెళ్ళాడు. ఈ ఉప్పుగాలికి బూజు మామూలే. దుకాణంవాడు నిగనిగలాడే చిన్న కెమెరా ఒకటి చేతిలో పెట్టి, "ఫోర్ కే లీజియే భయ్యా, ఆజ్‌కల్ సబ్ యహీ లేతే హైఁ" అన్నాడు, ఇప్పుడందరూ కొనేది ఇదేనట. బాబాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి జాగ్రత్తగా వెనక్కి ఇచ్చేశాడు.

"ఫోర్ కే తీస్తే ఈ పిల్ల కంప్యూటర్ మోస్తాదా? వేడెక్కిపోతే దాని మీద రొట్టెలు కాల్చుకోవాల. మాకు మామూలు హెచ్‌డీ చాలు భయ్యా, బస్."

ఆయన అడిగినవి వేరే. వెనక బెంచీ దగ్గర నిలబడి కూడా పాస్టరుగారి ముఖాన్ని దగ్గరికి లాగగలగాలి. ప్రసంగం ఎంత సాగినా బ్యాటరీ ఆగిపోకూడదు. కార్డులు రెండు పట్టాలి, ఒకదానిలో పడింది రెండోదానిలోనూ పడాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, తీగ మైకులు పెట్టుకునే గట్టి సాకెట్లు రెండుండాలి. అవన్నీ ఉన్న కామ్‌కార్డర్లలో చవకైనది, పై అరలో దుమ్ముపట్టి ఉన్నది, దింపించాడు. దారిలో నాతో అన్నాడు, "బొమ్మ మసకైనా జనం ఓర్చుకుంటారే. మాట ఇనపడకపోతే ఎవ్వడూ ఓర్చుకోడు."

ఒక సాకెట్ నుంచి తీగ పాస్టరుగారి దగ్గరికి వెళ్ళేది. రెండో సాకెట్‌లో చిన్న మైకు పెట్టి కెమెరా మీదే బిగించాడు. సంఘం పాడే పాట అందులో బాగా వచ్చేది, కంప్యూటర్‌లో అది రెండో ట్రాకుగా విడిగా వినబడేది. అయితే ఆ రెండో మైకుని బాబాయి నాకు కబుర్లు చెప్పడానికి కూడా వాడుకున్నాడు. కెమెరా తిరుగుతుండగానే గుసగుసలాడేవాడు. "అమ్మాయీ, పెళ్ళికొడుకు మేనమామ తుమ్మినాడు, కాట్ దే, కోసెయ్." "అమ్మాయీ, పాస్టరుగారు నీళ్ళలో జారిపోయారు. తీసెయ్, పాపం." "అరే, ఈ పెద్దావిడ ఏడుస్తంది. ఇది మాత్రం ఉంచు." ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకునేదాన్ని. నవ్వుకుని, ఆయన మాట వినబడిన ప్రతిచోటా కోసేసేదాన్ని. పని అయ్యాక కార్డులు చెరిపి మళ్ళీ వాడుకునేవాళ్ళం. అందుకే ఆయన తీసిన వందల పెళ్ళిళ్ళలో ఆయన బొమ్మ ఎలాగూ లేదు, గొంతూ లేదు.

ఒకసారి తుష్నాబాద్ పెళ్ళి ఉన్న మెమరీ కార్డుని నేను ఫార్మాట్ చేసి అంతా చెరిపేశాను. కంప్యూటర్ ఏదో అడిగింది, కంగారులో అవును నొక్కాను. వెక్కుతూ ఆయన దగ్గరికి పరిగెత్తాను. ఆయన భోజనం చేస్తున్నాడు. ఎడమచేత్తో కెమెరా సంచి తెరిచి రెండో కార్డు తీసి ఇచ్చాడు. "అడిగినదానికల్లా అవుననకు" అన్నాడు, మళ్ళీ పులుసు కలుపుకున్నాడు. ఆ మాట నాకు కంప్యూటర్ దగ్గర కన్నా బయటే ఎక్కువ పనికొచ్చింది.

ఈస్టర్ ముందు నుంచి రెండో ట్రాకు మారింది. "అమ్మాయీ" తరవాత ఒక ఊపిరి. "ఈ ముక్క" తరవాత ఇంకొకటి. మాటలు లేనప్పుడు కూడా పాట మీద ఆ ఊపిరే, బరువుగా, దగ్గరగా. ఒకసారి గోడ మీంచి అడిగాను.

"బాబాయ్, మైకు పాడైందా? ఏదో బుస్సుమంటోంది."

"స్పంజి ఊడిపోనాదే. గాలి కొడతంది. తీసెయ్."

చర్చి లోపల తలుపులేసి పాడుతుంటే గాలెక్కడిది? నాకు తెలుసు. మళ్ళీ అడిగితే నిజం చెబుతాడేమోనని భయపడ్డాను, అంతే. రొద ఎలా ఉంటుందో ఒక ముక్క చూపిస్తే కంప్యూటర్ అలాంటిదంతా వెతికి తుడిచేస్తుంది. నేను బాబాయి ఊపిరిని చూపించాను. పాట శుభ్రంగా వచ్చింది. పెళ్ళివాళ్ళు మెచ్చుకున్నారు కూడా.

భూస్థాపన అయిన మూడోరోజు పిన్ని, అంటే బాబాయి భార్య, కెమెరా సంచి పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. శనివారం ఆయన జ్ఞాపకార్థం ఆదరణ కూడిక పెట్టుకున్నారు.

"మీ బాబాయి కనబడే వీడియో ఒక్కటీ లేదమ్మా. గొంతైనా ఉంటాది కదా నీకాడ? కూడికలో అందరికీ ఇనిపిద్దాం."

ఉంటుందన్నాను. ఉన్నది ఆ సంచిలోని కార్డులో ఇంకా చెరపని పెళ్ళి ఒక్కటే. హోప్ టౌన్‌లో తీసింది, పోవడానికి మూడు రోజుల ముందు. అందులో గొంతుంటే ఆయాసమూ ఉంటుంది. తుడిచి ఇస్తే పిన్నికి ఎప్పటికీ తెలియదు. ఎవరికీ తెలియదు.

ఆమె వెళ్ళాక తెరిచాను. ప్రార్థన, ఉంగరాలు, విందు. బ్యాండు మొదలై జనం ఎగురుతుంటే ఉన్నట్టుండి బొమ్మ కిందికి జారింది. కెమెరా ఒళ్ళో పెట్టుకున్నట్టున్నాడు. ప్లాస్టిక్ కుర్చీ కాళ్ళు, ఇసుక, ఎగిరే పాదాలు.

"అమ్మాయీ... కాసేపు కూకుంటన్నాను... ఇది తీసెయ్." చాలాసేపు ఊపిరే. "సున్... ఇనవే, ఈ ఆయాసం కూడా తీసెయ్. మీ పిన్ని ఇంటే భయపడిపోద్ది."

ఆయన ఏది తీసెయ్యమన్నా తీసేశాను నేను. ఆ ముక్క మీద కూడా మౌస్ బాణం పెట్టాను. నొక్కలేకపోయాను. లేచి వెళ్ళి పిన్నిని పిలుచుకొచ్చి, నా కుర్చీలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు ఆమె చెవులకి పెట్టాను.

ఆమె ముఖం చూడలేక తెర మీద పాదాలనే చూస్తూ నిలబడ్డాను. అయిపోయాక ఆమె హెడ్‌ఫోన్లు తియ్యలేదు. నావైపు తిరగలేదు.

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"ఈస్టర్ ముందు నుంచి, పిన్నీ."

తిడితే బాగుండుననిపించింది. కొడితే ఇంకా బాగుండును. ఆమె తెర వైపు వేలు చూపించింది.

"ఎనక్కి తిప్పు. ఏదీ తియ్యకు."

తిప్పాను. మళ్ళీ తిప్పమంది. మూడోసారి, "కూకుంటన్నాను" తరవాత ఆయన ఊపిరి అందక ఆగి తెర మీద శబ్దపు గీత చదునైనచోట, పిన్ని కూడా ఊపిరి బిగబట్టింది. ఆయన మళ్ళీ మాట్లాడేదాకా వదల్లేదు.