అన్ని కంపెనీలకీ వస్తుందంట

మా చిన్నప్పుడు ఆదివారం పొద్దున పది కాకముందే అమ్మా నేనూ ఎదురింటి వరండాలో కూర్చునేవాళ్లం... పది దాటాక గుంటూరు నుంచి నాన్న ఫోన్ చేసేవాడు.

నాన్నకి అక్కడ పత్తి మిల్లులో పని. నెలకోసారి ఇంటికి వచ్చేవాడు. మాది పర్చూరు వైపు ఊరు. మా వీధి మొత్తానికీ ఎదురింటి మాస్టారి ఫోను ఒక్కటే దిక్కు... దాని మీద ఎప్పుడూ ఒక అల్లిన గుడ్డ కప్పి ఉండేది.

ఫోన్ మోగితే ముందు తీసేది మాస్టారి కూతురు సుధ. నాకంటే ఒక క్లాసు చిన్న. "హలో" అని పెద్ద ఆఫీసరులా అని, తర్వాత నా వైపు చూసి "మీ నాన్న" అనేది... ఆ రెండు మాటలే. నేను మాత్రం ఆదివారం తొమ్మిదింటికల్లా తలస్నానం చేసి తయారయ్యేవాణ్ణి.

అమ్మ మాటలూ తక్కువే. బాగున్నావా, తిన్నావా, మిరపకి తెగులు తగ్గింది, ఇదుగో పిల్లాడికిస్తున్నా... పరాయి ఇంట్లో అంతమంది వింటుంటే ఇంకేం మాట్లాడుతుంది.

నేను ఏడో తరగతిలో ఉండగా మిరప బాగా కాసింది. రెండో కోత కాయ అమ్మగానే సెల్లు కొందామంది అమ్మ. అప్పుడు ఎవరి నోట విన్నా ఒక సెల్లు మాటే... చవక, రంగుల తెర. తిరకాసల్లా అది ఒక్క కంపెనీకే పనిచేస్తుంది. ఆ కంపెనీ సిగ్నలు మా ఊళ్లో వాటర్ ట్యాంకు మెట్లెక్కితే గానీ అందదు. ఊరి చివర లేచిన కొత్త టవరు వేరే కంపెనీది.

"ట్యాంకెక్కే మాట్లాడతా. నా మాటలు నావి" అంది అమ్మ.

నేను పరుగెత్తి వెళ్లి సుధకి చెప్పాను. మేం సెల్లు కొంటున్నాం, ఇంక మీ ఇంటికి రానక్కర్లేదు అని... గొప్పగానే చెప్పాను. చెప్పాక ఎందుకో అంత గొప్పగా అనిపించలేదు.

సుధ పంపు దగ్గర బిందె నింపుతోంది. నా వైపు చూడకుండానే అంది.

"ఆగమను మీ అమ్మని. ఆ ఫోను ఇంక అన్ని కంపెనీలకీ వస్తుందంట."

"ఎవరన్నారు?"

"అన్నారు."

బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.

అమ్మకి చెప్పాను. అమ్మ కల్లంలో మిరపకాయలు ఏరుతూ పక్కనున్న వాళ్లకి చెప్పింది... వారం తిరిగేసరికి ఆ మాటకి కాళ్లొచ్చాయి. ఉగాదికి మన వైపు ఇస్తారంట. పొన్నూరులో అప్పుడే ఇచ్చేశారంట. సింగరాయకొండలో ఒకాయన ఫోను రెండు కంపెనీల మీదా ఒకేసారి మోగిందంట.

మాస్టారు బళ్లో మమ్మల్ని 'అంట' అననిచ్చేవారు కాదు. ఎవరన్నారో చెప్పి అప్పుడు మాట్లాడరా అనేవారు. ఒక సాయంత్రం ఆయనే మా గుమ్మం దాకా వచ్చారు... "తొందరపడకమ్మా. కొన్నాళ్లు ఆగితే మంచిదంట."

అమ్మ ఎందుకైనా మంచిదని పర్చూరు వెళ్లి ఫోన్ల కొట్లో అడిగింది. కొట్టాయన ఆ సెల్లు వెనక మూత తీసి చూపించాడు. "సిమ్ము పెట్టే చోటే లేదమ్మా దీంట్లో. ఇంకో కంపెనీ ఎట్టా వస్తది?"

అమ్మ ఆ ఫోను వంక చాలాసేపు చూసింది. బస్సెక్కాక నా చెవిలో అంది... "వాడికింకా కబురందలేదురా."

అలా రెండు మిరప పంటలు ఆగాం. నేను రెండేళ్లూ ఒక్క ఆదివారం మానలేదు.

ఆ ఫోను ఇంకే కంపెనీకీ రాలేదు. చివరికి అమ్మ ఇంకో రకం కొనుక్కుని, పెరట్లో మంచం మీద కూర్చుని నాన్నతో గంటసేపు మాట్లాడింది... అంతసేపూ నవ్వుతూనే ఉంది.

తర్వాత పదేళ్లకి సుధకీ నాకూ పెళ్లయింది.

మొదటి స్మార్ట్ ఫోను కొనడానికి గుంటూరులో ఒక షాపుకి వెళ్లాం. సుధ ఫోను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది అన్ని కంపెనీలకీ వస్తుందాండీ?" అని అడిగింది. అడగ్గానే నవ్వు మొదలైంది... ఆగలేదు. షాపతను కంగారుపడి మంచినీళ్లు తెప్పించాడు.

బండి మీద ఇంటికి వస్తుంటే వెనక నుంచి చెప్పింది. ఎవరూ అనలేదు. తనే పుట్టించింది. పొన్నూరు కబురు విన్నాక మాత్రం, నిజంగానే వస్తుందేమోనని తనకీ అనుమానం వచ్చిందట.

"మా అమ్మ రెండు పంటలు ఆగింది సుధా" అన్నాను.

"ఆగితే... నువ్వూ వచ్చావుగా రెండు పంటలు."

బండి నెమ్మదిగా నడిపాను.

మర్నాడు తనే అమ్మకి ఫోన్ చేసి ఒప్పుకుంది. తిడుతుందనుకున్నాను. అమ్మ అన్నది ఒకటే... "వాడు ఆదివారం పొద్దున్నే తలంటుకున్నప్పుడే నాకు తెలియాల్సింది పిల్లా."

సుధ పోయి ఏడాది దాటింది.

మొన్న మా అమ్మాయి నా ఫోను చూస్తూ అంది... "నాన్నా, ఒక కంపెనీ వాళ్లే అమ్మే ఆ ఫోను ఉంది చూడు, అది ఇంక అన్ని నెట్‌వర్కులకీ వస్తుందంట."

"ఎవరన్నారమ్మా?"

"అన్నారు" అంది, తలెత్తకుండా.

నవ్వొచ్చింది. ఎందుకు నవ్వుతున్నావని అడిగింది. కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను... పంపు దగ్గర బిందె సంగతి రెండుసార్లు చెప్పించుకుంది.

ఇప్పుడు ఇలాంటి కబుర్లు రోజుకి పది వస్తున్నాయి. ఎవరు మొదలుపెట్టారో, ఎందుకో తెలియదు. అప్పుడైతే వెతుక్కుంటూ పోతే ఎదురింట్లో దొరికేవాళ్లు...

మీ ఊళ్లో తిరిగిన 'అంట' ఏమిటి? అది ఎవరు పుట్టించారో మీకు ఎప్పటికైనా తెలిసిందా? తెలిస్తే రాయండి. మా అమ్మాయికి చదివి వినిపిస్తాను.