టీ కొట్లో నిషేధం

కే.జీ.కండిగైలో మరమగ్గాల మీద లుంగీలు నేయించే జయకుమార్, రోజూ పొద్దున టీ కొట్లో పేపరు పరిచి, మీసానికంటిన నురగ తువ్వాలుతో తుడుచుకుని, పక్కదేశం మీద వ్యాపార నిషేధం పెడతాడు. "ఆడ మనోళ్లని పండగ చేసుకోనీరంట! వాళ్లు దారికొచ్చేదాకా ఒక్క నూలుపోగు పంపకూడదు." బెంచీ మీదోళ్లు తలలూపుతారు. నిన్న అక్కడికే ఆయన మగ్గం నడిపే శోభన వచ్చింది. "అన్నా, రేపు గుడ్ ఫ్రైడే. చర్చికి పోవాల, లీవు కావాల." "రేపా? కుదరదమ్మా. సాయంత్రానికి లుంగీల లోడు పోవాల." "యాడికన్నా?" జయకుమార్ మెల్లిగా చెప్పినాడు, అప్పుడే తిట్టిన దేశం పేరే. ఈసారి ఎవరూ తలూపలేదు. తుడిచిన మీసాన్నే మళ్లీ తుడుచుకున్నాడు. ఈరోజు శుక్రవారం. టీ కొట్లో నిషేధం నడుస్తానే ఉంది. శోభన మగ్గమూ నడుస్తానే ఉంది.