యాదమ్మ పళ్ల మీద రిమార్కు

1989లో నల్లగొండ బస్టాండు వెనక మా ఇంటి ముందరి మూడు గదులను రోజువారీ కిరాయికి ఇచ్చేదాన్ని. వచ్చేవాళ్లు ఎక్కువగా క్యాంపు మీద వచ్చే ఉద్యోగులు, అంటే ఆఫీసు పనికని నాలుగు రోజులు వేరే ఊళ్లో ఉండేవాళ్లు. ముందుగదిలో టేబుల్ మీద రిమార్క్స్ బుక్ ఉండేది. గది ఖాళీ చేసేటప్పుడు తమకు తోచింది అందులో రాసి సంతకం పెట్టాలి. మనుషులను పంపే ఆఫీసు సూపరింటెండెంటు నెలకోసారి వచ్చి దాన్ని తిరగేసేవాడు. ఆయనకు నచ్చకపోతే మా గదులకు తాళమే.

వంట యాదమ్మది. మునుగోడు వైపు పల్లె నుంచి వచ్చిన మనిషి. ఆమె చేతి పుంటికూర పప్పు, అంటే గోంగూర పప్పు, మళ్లీ వేయించుకోకుండా లేచినవాడిని నేను చూడలేదు.

ఆ ఎండాకాలం హైదరాబాదు నుంచి ఒక తనిఖీ అధికారి వచ్చి నాలుగు రోజులున్నాడు. పూటపూటా జొన్నరొట్టె మీద రొట్టె అడిగి తిన్నాడు. వెళ్లే రోజు యాదమ్మ నవ్వుతూ, "మళ్ల రాండ్రి సారూ" అని సాగనంపింది. ఆయన బుక్కులో ఇలా రాసి పోయాడు: "గదులు ఫరవాలేదు. వంటమనిషికి పళ్లు తోముకునే అలవాటు లేదు. గార పట్టిన ఆ నోరు చూస్తే అన్నం సహించదు."

చదవగానే ఒళ్లు మండిపోయింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లను చూశాను కానీ, వడ్డించిన మనిషి పళ్లు లెక్కపెట్టినవాణ్ని అప్పుడే చూశాను. ఆమె పళ్ల మీదున్నది మురికి కాదు. ఆమె పల్లె వైపు బావుల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. చిన్నప్పటి నుంచి ఆ నీళ్లు తాగితే పళ్లకు గోధుమరంగు చారలు పడతాయి, ఎంత తోమినా పోవు. మా జిల్లాకు పని మీద వచ్చిన అధికారికి అది తెలియదా? తెలియకపోతే అడగడానికి నోరు లేదా?

ఇంత కోపం ఉండి కూడా నేను చేసింది పిరికి పని. మరునాడు యాదమ్మతో, "నువ్వు వంటింట్లనే ఉండు, వడ్డన నేను జేస్త" అన్నాను.

"ఎందుకమ్మా? నేనేం తప్పు జేసిన?"

ఆమెకు చదువు రాదు. దాచలేక చదివి వినిపించాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"యాపపుల్లతోని పండ్లు తోమినంకనే పొయ్యి ముట్టిస్తనమ్మా. మా బాయి నీళ్లకు ఊరోళ్లందరియి గివ్వే పండ్లు," అంది. మళ్లీ, "గా సారుకు మన నీళ్లు పడయని నాలుగు దినాలు దూరం నల్లకాడికి పోయి మంచినీళ్లు మోసుకొచ్చిన. గది రాయలేదా?" అని అడిగింది.

రాసినవాడి మీద కోపం పెట్టుకుని, పని మాత్రం వాడు చెప్పినట్టే చేశాను. సిగ్గేసింది.

ఆ మధ్యాహ్నమే ఆయన సంతకం కింద రాశాను: "ఇవి ఫ్లోరైడ్ నీళ్ల మచ్చలు, మురికి కాదు. మీరు తాగిన మంచినీళ్లు మోసింది ఈమే."

వారానికి సూపరింటెండెంటు వచ్చాడు. చదివి మొహం ముడుచుకున్నాడు.

"పెద్ద ఆఫీసరు రాసినదానికి జవాబు రాస్తరా సుగుణమ్మా? గా పేజీ చింపెయ్యి. వంటకు ఇంకొకామెను పెట్టుకో. లేకుంటె నేను మనుషులను పంప."

"చింపను సార్. ఆమె గూడ ఈడనే ఉంటది. ఆమె వండింది మీరు గూడ తిన్నరు. ఏమన్నయిందా?"

ఆయన బుక్కు మూసి వెళ్లిపోయాడు. రెండు నెలలు ఆ ఆఫీసు నుంచి ఒక్కరూ రాలేదు. మందుల కంపెనీలవాళ్లు, పరీక్షలకు వచ్చిన టీచర్లు ఒకరిద్దరు వచ్చి గదులను నిలబెట్టారు. యాదమ్మే వడ్డించేది కానీ, కంచం ముందు నిలబడగానే కొంగు నోటి మీదికి పోయేది. అది చూసినప్పుడల్లా ఆ అధికారిని పిలిచి చూపించాలనిపించేది.

ఒక టీచరు వెళ్తూ ఆ పేజీ మొత్తం చదివి, కింద మరో మాట చేర్చింది: "పై రెండూ చదివాను. నిన్న పప్పులో ఉప్పు తక్కువైంది."

చదివి వినిపిస్తే యాదమ్మ పగలబడి నవ్వింది. కొంగు భుజం మీదనే ఉంది.

"గిది నిజమేనమ్మా, ఉప్పు ఏసుడు మరిచిన. గిసొంటియి ఎన్నన్న రాయమను."

తర్వాత చాలా ఏళ్లు గదులు నడిపాను. దిద్దుకోగలిగిన తప్పు ఎవరు రాసినా తల వంచి చదివాను. మనిషిని కించపరిస్తే కింద జవాబు రాశాను. యాదమ్మను మాత్రం మళ్లీ వంటింట్లో దాచలేదు.