ముత్తాత పట్టుకొచ్చిన గంట

శనివారం ఉదయం ఎనిమిదీ నలభైకి న్యూకాసిల్‌లో షెఫీల్డ్ రైలెక్కాం, నేనూ మా అమ్మాయి హారికా. నా బ్యాగులో ల్యాప్‌టాప్ ఉండే చోట తువ్వాలులో చుట్టిన కంచు గంట ఉంది. హారిక బ్యాగులో మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర, వడ్డించుకోవడానికి ఒక చెక్క గరిటె ఉన్నాయి.

షెఫీల్డ్ దాటాక కొండల్లో ఒక చిన్న ఊరు, అందులో ఒక సైనిక మ్యూజియం. మా ప్రయాణం అక్కడికే. విజయనగరం వైపు నుంచి మద్రాసు పటాలంలో చేరిన మా ముత్తాత అప్పలసూరి, సుమారు నూట పాతికేళ్ల కిందట ఇంగ్లీషు సైన్యంతో చైనా వెళ్లాడు. తిరిగొస్తూ ఈ గంట పట్టుకొచ్చాడు. మా తాత దాని లోపల ఇనపకడ్డీ వేలాడదీయించాడు. అప్పట్నుంచీ మా ఇంట్లో హారతికి అదే గంట. బొట్టు పెట్టీ పెట్టీ దానిమీది చైనా అక్షరాల సందుల్లో కుంకుమ గట్టిపడిపోయింది. గంటనీ ముత్తాత ఫొటోనీ ప్రదర్శనలో పెడతామని మ్యూజియంవాళ్లు రాస్తే పొంగిపోయాను. చుట్టాల వాట్సాప్ గ్రూపులో చాటింపు వేసింది కూడా నేనే.

యార్క్ దాటాక హారిక ఫొటో కోసం గంట బల్లమీద పెట్టింది. ఎదుటి సీటులో ఉన్న చైనా పెద్దావిడ కళ్లద్దాలు మార్చుకున్నారు. పేరు లిన్. హాస్పిటల్లో నర్సుగా చేసి రిటైరయ్యారట, షెఫీల్డ్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళుతున్నారు.

“ఈ కడ్డీ ఎవరు పెట్టారు? మా గుడి గంటల్ని బయటినుంచి కర్రతో కొడతారు” అన్నారు. కుంకుమ గీకబోయి ఆగి నా వైపు చూశారు. గీకమన్నాను. ఆవిడ మెల్లగా చదివారు. “ఇదొక పల్లెటూరి గుడిది. వానలు పడాలని ఊరంతా చందా వేసుకుని పోత పోయించారు.”

తర్వాత ఆవిడ చెప్పింది విన్నాం. చైనా చక్రవర్తుల కోటలో కంచే చేను మేసింది. పైనుంచి తెల్లవాళ్లు తుపాకీ చూపించి రైళ్లు వేశారు, కోర్టుల్లో తమ మాటే నెగ్గించుకున్నారు. కరువులో ఉన్న పల్లెలు ఉత్త పిడికిళ్లతో తిరగబడ్డాయి.

“మావాళ్లు తప్పులూ చేశారు. ఆయుధంలేని క్రైస్తవుల్ని చంపారు, అది దాచను. కానీ వాళ్లని అణచడానికి వచ్చిన సైన్యాలు ఊళ్లకు ఊళ్లు దోచాయి.”

“ఆ సైన్యంలో మా ముత్తాత ఉన్నాడండీ” అన్నాను.

“మా గుడి గంట మీ చేతుల్లో చూసినప్పుడే తెలిసింది” అన్నారావిడ. దిగేముందు ఒక కాగితంమీద ఆ ఊరి పేరు చైనా లిపిలోనూ, కింద ఇంగ్లీషు అక్షరాల్లోనూ రాసిచ్చారు.

షెఫీల్డ్ స్టేషన్ పక్కనే బస్సులు. టికెట్ మనిషికి మూడు పౌండ్లు, ప్రయాణం యాభై నిమిషాలు. దారంతా రాతిగోడలు, గొర్రెలు, సన్నటి వాన. నేను బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మనల్ని ఏలినవాడు మనచేతే పక్కవాడి ఇల్లు దోపించాడు, మనమేమో దాన్ని శౌర్యమనుకుని నాలుగు తరాలు బొట్టు పెట్టాం.

పన్నెండింటికి మ్యూజియం చేరాం. ప్రవేశం ఉచితం. మేనేజరమ్మ మర్యాదస్తురాలు, టీ ఇచ్చి అద్దాల పెట్టె చూపించింది. కింద చీటీ కూడా సిద్ధం: చైనా యుద్ధంలో సేకరించిన గంట, ఒక భారతీయ సైనికుడి శౌర్యానికి గుర్తు.

“కలెక్టెడ్? లైక్ ఎ పార్సెల్?” అంది హారిక.

“ఒక పల్లె గుడి నుంచి దోచుకున్నది అని రాయండి. ఊరి పేరు నేనిస్తాను” అన్నాను.

“కమిటీ ఒప్పుకోదండీ. పైగా మీ ముత్తాతే దొంగ అన్నట్టవుతుంది.”

“అవుతుంది. ఆయన్ని పంపినవాళ్ల పేరు కూడా పక్కనే రాయండి.”

ఆవిడ ముఖం ఎర్రబడింది. గంట ఇవ్వకపోతే ఫొటో కూడా తీసేయాలంది. గోడమీద తలపాగాతో అప్పలసూరి. ఆ గదిలో ఉన్న మన రంగు ముఖం అదొక్కటే.  అయినా గంట ఇస్తున్నట్టు సంతకం పెట్టలేదు. గంటని మళ్లీ తువ్వాలులో చుట్టేశాను.

బస్ షెల్టర్‌లో పులిహోర తింటుంటే మా ఆవిడ ఫోన్. జరిగింది చెప్పాను.

“ఏటండీ, అందరికీ చెప్పేసాం కదా! ఇప్పుడేటని చెప్తాం?”

“గంట మనది కాదని చెబుదాం.”

“మరి రేపట్నుంచి హారతికేటి వాయిస్తాం?”

“చప్పట్లు కొడదాం.”

 “సర్లెండి, జాగ్రత్తగా తెండి, పరాయోళ్ల సొత్తు” అంది.

మూడున్నర రైలుకి తిరుగు ప్రయాణం. ఆ ఊరు ఇప్పుడుందో లేదో తెలీదు. ఉత్తరం మాత్రం రాస్తాను, ఉంటే గంట చేరాల్సింది అక్కడికే. ఈ యాత్రలో నాకు దక్కింది ఆ ఊరి పేరొక్కటే, అది చాలు.

డాన్‌కాస్టర్ దాటాక హారిక గంట లోపలి తీగ విప్పి ఇనపకడ్డీ ఊడదీసింది. నా వైపు చూసింది. నేను తలూపాను. చెక్క గరిటె తుడిచి, బయటినుంచి ఒక్క దెబ్బ కొట్టింది. ఇంట్లో రోజూ వినే గణగణ కాదది. లోతైన మోత, చాలాసేపు ఆగలేదు. రైలుపెట్టెలో తలలన్నీ మావైపు తిరిగాయి.

“ఎవరిదండీ ఆ గంట?” అని అడిగాడు పక్క సీటాయన.

పొద్దున అడిగి ఉంటే మా ముత్తాతది అనేవాణ్ణి. ఇప్పుడు జేబులోంచి లిన్ గారి కాగితం తీసి, ఆ ఊరి పేరు చదివి వినిపించాను.