డబ్బాకి కనబడని బెల్టు

నా పేరు బోర అప్పలనర్సమ్మ. డెబ్బై దాటాయి. హిందీ మాట్లాడే ఊరు ఉస్లాపూర్‌లో కొడుకు సింహాచలం, కోడలు, మనవరాలితో ఉంటాను. నాకు రాయడం రాదు. నేను చెబుతుంటే మనవరాలు ఫోనులో రాసి అందరూ చదివేలా పెడుతోంది.

మావాడు టాక్సీ నడుపుతాడు. పోయిన వారం మంగ్లా మలుపులో ట్రక్కు అడ్డం వచ్చింది. వాడు బ్రేకు తొక్కాడు. పక్క సీట్లో కూర్చుని నా కళ్ళతో చూశాను. అయినా గుద్దుకుంది. ఈ రోజు ఆర్టీవో ఆఫీసులో విచారణకి పిలిచారు. బ్రేకు, బెల్టు అన్నీ రాసుకునే డబ్బా కారులో ఉందట. బ్రేకు తొక్కలేదని అది చెప్పిందట. అదే ఖాయమైతే వాడి లైసెన్సు పోతుంది.

"తొక్కేడు బాబూ, నాను సూసేను" అన్నాను.

"మాతాజీ, కొడుకు కోసం తల్లి అబద్ధం చెప్తుంది. డబ్బా చెప్పదు" అన్నాడు ఆఫీసరు.

"అచ్ఛా! నా బెల్టు గురించి ఏటి సెప్పిందో సదువు."

"పెట్టుకున్నారు."

ఒళ్ళు మండిపోయింది. నుదుటి కట్టు చూపించాను.

"పెట్టుకుంటే ఈ దెబ్బెలా తగిలింది? బెల్టు లేదని కారు కుయ్ కుయ్‌మని గోల సేస్తోందని నా ఈపు ఎనకాల తగిలించేసేను. నీ కార్లో అలా సెయ్యరేటి?"

ఆయన కాగితం ముందుకు తోశాడు. తప్పు మావాడిదేనని రాసిన దాని మీద వేలిముద్ర వెయ్యమన్నాడు. నా వీపు వెనక బెల్టు చూడలేని డబ్బా వాడి కాలు చూసిందా? ముద్ర వెయ్యలేదు.

ఇక్కడ వేస్తున్నాను. ఫొటోలో ఉన్నది నా ఎడమ బొటనవేలి ముద్ర.

ముద్రకి సాక్షులు: పక్కింటి పార్వతి, మనవరాలు రోహిణి. బెల్టు వీపు వెనక తగిలించుకునే పెద్దమనుషులు కూడా సిగ్గుపడకుండా కింద పేర్లు రాయండి.